ఒత్తును తొక్కిన గీత

నేను ఒక గీతను. నుదుటి మీద ఉండేదాన్ని కాదు, అరచేతిలో ఉండేదాన్నీ కాదు. వెబ్ పేజీలో ఒక మాటను నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంటుందే, ఆ మాట కింద నీలంగా పడుకుని ఉండే గీతను. మీరు నన్ను కొన్ని వేలసార్లు చూసి ఉంటారు. ఒక్కసారి కూడా గుర్తుపెట్టుకుని ఉండరు. దానికి ఇప్పుడు నాకేమీ అనిపించదు. ఒకప్పుడు చాలా అనిపించేది, ఎందుకంటే లోకమంతా నా వల్లే నడుస్తోందని అప్పట్లో నా నమ్మకం.

నేను పుట్టింది సాలూరులో, 2002లో, ఒక రూళ్ల నోటుపుస్తకంలో. ఆ పుస్తకం మణిమేఖల గారిది. ఆవిడ భర్త జోగారావు గారు హైస్కూల్లో తెలుగు మాస్టారు, ఊరి నాటక పరిషత్తుకు కార్యదర్శి. పరిషత్తుకు ఒక వెబ్ పేజీ ఉంటే బాగుంటుందని ఆయన ఓ సభలో అనేశారు. అనడం ఆయన వంతు, చేయడం ఆవిడ వంతు, ఆ ఇంట్లో మొదటినుంచీ పని విభజన అంతే. ఆవిడ బీఎస్సీ చదివారు. పెళ్లయ్యాక ఆ చదువుతో పని పడలేదు. మధ్యాహ్నం పూట మూడు నెలలు కంప్యూటర్ సెంటరుకు వెళ్లి, వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాష నేర్చుకున్నారు. ఇంట్లో కంప్యూటర్ లేదు కాబట్టి ముందు పుస్తకంలో రాసుకునేవారు. నొక్కవలసిన మాట కింద స్కేలు పెట్టి నీలం బాల్‌పెన్నుతో గీసేవారు. అదే నా జన్మ. స్కేలు పెట్టి గీసిన పుట్టుక కాబట్టి నాకు కొంచెం టెక్కు ఎక్కువ.

ఆవిడకు ఏదీ సగం సగం చేయడం ఇష్టం ఉండదు. ఒక పేరా మొదలుపెట్టడానికి ఒక గుర్తు, ముగించడానికి ఒక గుర్తు రాయాలని సెంటరు మాస్టారు చివరి వారంలో చెప్పారు. ముగించకపోయినా బ్రౌజర్ సర్దుకుపోతుందని కూడా అన్నారు. ఆవిడ ఇంటికి వచ్చి అప్పటిదాకా వదిలేసిన నలభై ఒక్క పేరాలకూ ముగింపు గుర్తులు పెట్టారు. ఎవరో సర్దుకుపోతారు కదా అని మనం తలుపు తీసి వదిలేస్తామా అన్నది ఆవిడ ఉద్దేశం.

ఒక్కటే తప్పిపోయింది. ప్రతి పేజీ తన మొదటి వరుసలోనే తాను ఏ కాలపు నియమాల ప్రకారం రాయబడిందో చెప్పుకోవాలి. ఆ వరుస గురించి ఆవిడకు ఎవరూ చెప్పలేదు. అది లేని పేజీ కనిపిస్తే బ్రౌజర్ ఏం చేస్తుందో తెలుసా? గొడవ పడదు. పెద్దావిడ వచ్చింది, ఈవిడతో వాదించి లాభం లేదు అనుకుని, తన కొత్త పద్ధతులన్నీ పక్కన పెట్టి, పాతికేళ్ల కిందటి అలవాట్ల ప్రకారం ఆ పేజీని చూపిస్తుంది. ఎన్ని కొత్త బ్రౌజర్లు వచ్చినా మా పేజీకి ఆ మర్యాద జరుగుతూనే ఉంది. నేనేమో అది నా అందం చూసి చేస్తున్న మర్యాద అనుకునేదాన్ని.

మొదటి కొన్నేళ్లు మా పేజీ ఇంగ్లీషులో ఉండేది. ఇంగ్లీషు అక్షరాలకు గీత కింద పెద్దగా సంసారం ఉండదు. ఒకటి రెండింటికి తోకలు వేలాడతాయి, అంతే. నేను హాయిగా పడుకునేదాన్ని. తరవాత కంప్యూటర్లలో తెలుగు సులువుగా కనిపించే రోజులు వచ్చాయి. మణిమేఖల గారు కూర్చుని పేజీ మొత్తం తెలుగులో మళ్లీ రాశారు. ఇంట్లోకి కంప్యూటర్ కూడా అప్పుడే వచ్చింది. అదే పరిషత్తు ఆఫీసు కంప్యూటర్, అదే ఆవిడ పప్పు డబ్బాల పక్కన ఉండే కంప్యూటర్.

తెలుగు అక్షరం సంగతి మీకు తెలుసు. సగం కాపురం కిందే. ఒత్తులన్నీ నేను పడుకునే చోటే ఉంటాయి. నేను జరగలేను. ఎక్కడ పడుకోవాలో నాకు ఇంగ్లీషు అక్షరాన్ని చూసి నిర్ణయించారు. అందుకని ఒత్తుల మీదే పడుకున్నాను. చాలాకాలం దాన్ని నేను అక్షరాలను మోయడం అనుకున్నాను. తొక్కడం అని తరవాత తెలిసింది.

తెలియజేసినవాడు పరదేశి.

పరదేశి లారీలకు చెక్క బాడీలు కట్టే షెడ్డులో వడ్రంగి. సాలూరులో లారీ అంటే ఇంట్లో మనిషి లాంటిది. అరవై దాటిన ఆరడుగుల మనిషి. నాటికలు రాస్తాడు, వేయిస్తాడు. ఆయన బృందంలో ముఖ్య పాత్ర వేసే సన్యాసమ్మ బస్టాండు దగ్గర ఇడ్లీల బండి నడుపుతుంది. పన్నెండేళ్లుగా వాళ్లు పరిషత్తు పోటీలకు నాటిక పంపడం, మొదటి వడపోతలోనే అది పోవడం మామూలు. మొన్నటి ఏడాది మొదటిసారి ఎంపికయ్యారు. నాటిక పేరు 'గుడ్డి దీపం'. ఒక హెడ్‌లైటు పోయిన లారీతో ఘాట్ రోడ్డు దిగే డ్రైవరు, క్లీనరు, దారిలో ఎక్కిన ఒక ముసలావిడ. అంతే కథ.

ఎంపికైన నాటికల పేర్లన్నీ మా పేజీలో పెట్టారు. ప్రతి పేరునూ నొక్కితే వివరాలు వస్తాయి కాబట్టి ప్రతి పేరు కిందా నేను. జోగారావు గారు ఆ పేజీని తమ పాత ప్రింటరులో అచ్చు తీసుకున్నారు. ఆ నల్లటి అచ్చులో, ఆ చిన్న అక్షరాల్లో, 'గుడ్డి' కింద ఉన్న ఒత్తు నా ఒంట్లో కలిసిపోయింది. మాస్టారు కళ్లజోడు పైకి జరిపి 'గుడి దీపం' అని చదివారు.

చదివి ఊరుకోలేదు. భక్తి నాటిక కదా, పోటీలు దానితోనే ప్రారంభిద్దామన్నారు. దేవస్థానం ధర్మకర్త గారిని ముఖ్య అతిథిగా పిలిచారు. భజన మండలి ఆడవాళ్లు పసుపు పచ్చ చీరలు కట్టుకుని హారతి పళ్లేలతో ముందు వరుసలో కూర్చున్నారు. తెర లేచింది. లారీ కింద నుంచి రెండు జతల కాళ్లు కనిపించాయి. ఆ కాళ్ల తాలూకు మనుషులు హెడ్‌లైటు అమ్మినవాణ్ణి వాడి వంశంతో సహా తిడుతున్నారు. హారతి పళ్లేలు ఒక్కొక్కటే లేచి వెళ్లిపోయాయి. న్యాయనిర్ణేతల్లో ఒకాయన కాగితం మీద 'పేరుకూ ఇతివృత్తానికీ పొంతన లేదు' అని రాశారు. బహుమతి సరే, ప్రశంసాపత్రం కూడా రాలేదు.

మూడో రోజు పరదేశి ఆ అచ్చు కాగితం పట్టుకుని మాస్టారి గుమ్మం ముందు నిలబడ్డాడు. మాస్టారు లేరు. మణిమేఖల గారు బయటికి వచ్చారు.

"అమ్మా, నా నాటిక గుడ్డిదండి. గుడిది కాదు."

ఆవిడ కాగితం తీసుకుని వెలుతురులోకి పట్టుకున్నారు. చాలాసేపు చూశారు.

"ఈ గీత తీసీండమ్మా. ఇది నా డకారవొత్తుని మింగీసింది. సన్యాసమ్మ మూడు దినాల నుంచి బండి తియ్యలేదు. ఆడోళ్లు లెగిసిపోతుంటే తన మొకమే సూసి లెగిసిపోయారనుకుంటంది."

అప్పటిదాకా నన్ను ఎవరూ తిట్టలేదు. పొగడనూ లేదనుకోండి. మణిమేఖల గారు అదే రోజు మేనకోడలు హిమబిందుకు ఫోన్ చేశారు. హిమబిందు విశాఖపట్నంలో ఇలాంటి పేజీలు తయారుచేసే కంపెనీలో పనిచేస్తుంది.

"గీతని తీసెయ్యాలి బిందూ."

గదిలో పేపరు చదువుకుంటున్న జోగారావు గారు తల తిప్పారు. "ఏ గీతని? ఆ పార్వతీపురం అమ్మాయినా? వేషాలు బాగానే వేస్తుంది కదా పాపం."

నా గురించి ఆ ఇంట్లో జరిగిన చర్చ అంతే. హిమబిందు పేజీకి కొత్త అలంకరణ రాసింది. నొక్కవలసిన మాట ఇక మీదట ముదురు ఎరుపు, మిగతావి నలుపు. గీత వద్దు. ఇక్కడ ఒక చిన్న సంతోషం చెప్పుకోనివ్వండి. నన్ను తీసెయ్యడానికి ఆ పిల్ల నా పేరు రాయాల్సి వచ్చింది. రాసి, దాని పక్కన 'వద్దు' అని రాసింది. ఆ విధంగా నేను ప్రతి మాట దగ్గరా, లేకుండా ఉన్నాను. తెర మీద కనిపించను, కానీ పేజీ ఎక్కడ తెరిస్తే అక్కడ హాజరు. ఇలాంటి ఉద్యోగం మనుషుల్లోనూ కొందరికి ఉంటుందని విన్నాను.

పేజీ బాగుందని అందరూ అన్నారు. ఒత్తులన్నీ తెరిపినపడ్డాయి. నేను నిజంగానే సిగ్గుపడ్డాను.

ఆ ఏడాది పోటీల తరవాత ఇంకో రగడ కూడా జరిగింది. ఒక బృందం వాళ్ల దరఖాస్తును కమిటీ వాళ్లే గడువు దాటాక నింపారని ఇంకో బృందం అల్లరి చేసింది. అందుకని కొత్త నియమం పెట్టారు. దరఖాస్తు వెబ్ పేజీ ద్వారానే రావాలి, కమిటీ వాళ్లు గానీ వాళ్ల ఇంట్లోవాళ్లు గానీ చెయ్యి పెట్టిన దరఖాస్తు చెల్లదు, జనవరి ముప్ఫై ఒకటి సాయంత్రం ఆరు తరవాత వచ్చింది అసలే చెల్లదు. మూడు వాక్యాలూ రాసింది మణిమేఖల గారే. ప్రకటన మాత్రం మాస్టారు రాశారు. అది ఇలా ఉంది: 'ఇక్కడ జరిగే పోటీలలో పాల్గొనదలచిన బృందాలు ఇక్కడ పొందుపరచిన నియమావళిని చదివి, ఇక్కడ తెలిపిన గడువులోగా, ఇక్కడ దరఖాస్తు చేసుకోగలరు.' నాలుగు ఇక్కడల్లో నాలుగోదే ఎర్రనిది.

పరదేశి ఏడాదంతా కూర్చుని కొత్త నాటిక రాశాడు. సన్యాసమ్మ మొదట వేయనంది. తరవాత వేస్తానంది, కానీ ఈసారి కూడా పోతే ఇంక పిలవొద్దని షరతు పెట్టింది. ఎనిమిది నెలలు షెడ్డులో లారీల మధ్య రిహార్సల్సు చేశారు. జనవరి మొదటి వారం నుంచీ పరదేశి రోజూ ఫోనులో పేజీ తెరుస్తున్నాడు. మొదటి 'ఇక్కడ' మీద బొటనవేలితో నొక్కేవాడు. ఏమీ జరిగేది కాదు. ఒక 'ఇక్కడ' పనిచేయనప్పుడు మిగతా 'ఇక్కడ'లు మాత్రం ఎందుకు పనిచేస్తాయన్నది ఆయన తర్కం. "ఇంకా తెరవలేదర్రా" అని బృందానికి చెప్పేవాడు. కనిపించకుండా ఆ నాలుగో మాట కింద ఉన్న నేను రోజూ ఆయన మొహం చూసేదాన్ని. చేయగలిగిందేమీ లేదు.

ముప్ఫై ఒకటో తేదీ మధ్యాహ్నం సన్యాసమ్మ ఫోన్ చేసింది.

"ఏటమ్మా మాస్టారమ్మగారూ, ఫారం ఎప్పుడు పెడతారు? రేపా, ఎల్లుండా? ఇడ్లీలు అమ్ముకునే వోళ్లం, ముందుగా సెప్తే కదా."

"పెట్టి ముప్ఫై రోజులైంది సన్యాసమ్మా. ఇవాళ ఆరింటితో అయిపోతుంది."

సన్యాసమ్మ టక్కున ఫోన్ పెట్టేసింది. పది నిమిషాల్లో పరదేశి ఫోన్ వచ్చింది. మణిమేఖల గారు కంప్యూటర్ ముందు కూర్చుని పేజీ తెరిచారు. చివరి 'ఇక్కడ' నొక్కమన్నారు. నొక్కాడు. ఫారం వచ్చింది. ఆయన నింపుతుంటే ఆవిడ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని చిక్కుళ్లు తుంచుతూ కూర్చున్నారు. కాసేపటికి ఆయన గొంతు మారింది.

"ఒప్పుకోట్లేదమ్మా. ఎర్రగా సూపినవి నింపమంటంది."

"అవును, కొన్ని తప్పనిసరివి. అవి ఎర్రగా ఉంటాయి, అవి నింపండి. నాటిక ప్రతి జతచెయ్యడానికి కూడా ఒక ఎర్ర మాట ఉంటుంది."

"ఎర్రగా ఏదీ లేదండి."

"ఉంటాయి, సరిగా చూడండి. మొదట్లో 'ఇక్కడ' కూడా ఎర్రగానే ఉంది కదా."

చిక్కుడుకాయ సగం తుంచి ఉంది ఆవిడ చేతిలో. ఫోనులో షెడ్డు చప్పుళ్లు వినిపించాయి, ఎవరో మేకు కొడుతున్నారు. పరదేశి అక్కణ్ణించి దూరంగా నడిచినట్టున్నాడు, చప్పుడు తగ్గింది.

"అమ్మా, ఏటనుకోకండి. నాకు ఎరుపు ఆనదు."

"చత్వారమా?"

"కాదండి. సిన్నప్పట్నుంచీ అంతే. ఎరుపూ, ముదురు రంగూ ఒకలాగే ఉంటాయి. రైల్వేలో కలాసీ ఉద్యోగానికి ఎల్లినప్పుడు సుక్కల బొమ్మల పుస్తకం సూపించి తెలిసింది. ఇంటికొచ్చి ఛాతీ కొలత సాల్లేదని సెప్పీసినాను. మాయమ్మ ఆరు నెలలు రోజూ గుడ్డు పెట్టింది. ఈ మాట నా పెళ్లానికి కూడా తెలీదండి. తెలిస్తే నాటకాల్లో రంగులు నేనే సెప్తాను కదా, నవ్వుతారు."

మణిమేఖల గారు గడియారం చూశారు. రెండున్నర.

"మీరొకసారి ఇంటికి రండి, పక్కన కూర్చుని చూపిస్తాను" అని నోటిదాకా వచ్చింది ఆవిడకు. నేను చూశాను, పెదవులు కదిలాయి. ఆగిపోయారు. నియమం తనే రాశారు. పరదేశి కూడా అదే అన్నాడు.

"మీరు దగ్గరుండి నింపించారంటారమ్మా. నిరుటి అల్లరి సాలు. పోన్లెండి. సన్యాసమ్మకి ఏటి సెప్పాలో అదే ఆలోసిస్తన్నాను."

"ఆవిడకేమీ చెప్పకండి. నాలుగున్నరకి పేజీ మళ్లీ తెరవండి. ఎక్కడ నొక్కాలో మీకే తెలుస్తుంది."

ఫోన్ పెట్టేసి హిమబిందుకు చేశారు.

"గీత మళ్లీ పెట్టాలి బిందూ. ఫారంలో కూడా. ఇప్పుడే."

"ఇదేం అత్తా, తీసెయ్యమన్నదీ నువ్వే. మీటింగులో ఉన్నాను."

"ఒకాయనకి ఎరుపు తెలియదు. ఎవరని అడక్కు."

"ఒక్కరి కోసమా?"

"ఒక్కరు చెప్పారు. చెప్పనివాళ్లు ఎంతమందో నీకు తెలుసా?"

హిమబిందు మీటింగులోంచి బయటికి వచ్చింది. తలుపు చప్పుడైంది. "పెడితే మళ్లీ ఒత్తులు తొక్కుతుంది. ఇప్పుడు గీతని కిందికి జరపడానికి కొత్త పద్ధతి వచ్చిందిలే. కానీ మీ కంప్యూటర్‌లో ఉన్న బ్రౌజర్‌కి అది అర్థం కాదు. అర్థం కాని మాటను అది వదిలేసి పాత చోటే గీస్తుంది. మామయ్య మళ్లీ అందులోంచే అచ్చు తీసి మళ్లీ గుడి అంటారు. ఆ డబ్బాని మ్యూజియంకి ఇచ్చెయ్ అత్తా."

"డబ్బా సంగతి వదిలెయ్. గీత కాకుండా ఇంకేమన్నా పెట్టొచ్చా? అంచులాంటిది?"

"అంచేంటి?"

"చీర అంచు. నేత మధ్యలోంచి గీత గీస్తే గుడ్డ పాడైనట్టు ఉంటుంది. అంచు అలా కాదు కదా, గుడ్డంతా అయిపోయాక కింద ఉంటుంది. మాటంతా అయిపోయాక, ఒత్తులు కూడా అయిపోయాక, దాని కింద అంచు."

'మాట కింద అంచు' అని హిమబిందు తనలో తాను మళ్లీ అనుకుంది. నాకు మాత్రం ఊపిరి ఆడలేదు. గీతలకు ఊపిరేమిటని అడగకండి.

"బోర్డర్" అంది చివరికి. "కింద వైపు మాత్రం బోర్డర్. అత్తా, అది చాలా పాత పద్ధతి. మీ డబ్బాకి కూడా వచ్చు. నాకెందుకు తట్టలేదు?"

"నువ్వు చీరలు కట్టవుగా" అన్నారు మణిమేఖల గారు, చిక్కుళ్లు మళ్లీ అందుకుంటూ.

నాలుగూ ఇరవైకి పని అయింది. ఆ విధంగా నేను తిరిగి వచ్చాను, కానీ గీతగా కాదు. కాగితాల ప్రకారం ఇప్పుడు నేను అంచును. నా పాత పేరు పక్కన 'వద్దు' అలాగే ఉంది. పాత నేను లేకుండా ఉన్నాను, కొత్త నేను రెండు వెంట్రుకల మందం కిందికి దిగి ఉన్నాను. దిగాక మొదటిసారి ఒత్తులను తలెత్తి చూశాను. ఇన్నాళ్లూ నా కింద నలిగినవి ఇంత గుండ్రంగా ఉంటాయని నాకు తెలియదు. ఫారంలో తప్పనిసరి గళ్లకు కూడా నన్ను మందంగా పెట్టారు. నాకు ఒళ్లు వచ్చిందని నవ్వుకున్నాను.

నాలుగున్నరకు పరదేశి పేజీ తెరిచాడు. కళ్లు చికిలించి తెరను మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. నాలుగు ఇక్కడల మీదా బొటనవేలు గాలిలో తచ్చాడింది. నాలుగోదాని మీద ఆగింది. నొక్కాడు. వెనకనుంచి సన్యాసమ్మ గొంతు, "తెరిసినారా?" అని. "తెరిసినారు" అన్నాడు. ఒక్కొక్క గడీ నింపుకుంటూ పోయాడు. మందం అంచు ఉన్న చోటల్లా ఆగి, రెండుసార్లు చదివి, అప్పుడు నింపాడు. బల్లకు మేకు దింపే ముందు చెక్కను తడిమినట్టు తడిమాడు నన్ను. ఒకసారి నాటిక ప్రతి ఎక్కలేదు. మళ్లీ చేశాడు. ఐదూ నలభైకి 'మీ దరఖాస్తు అందింది' అని వచ్చింది. దాన్ని ఆయన గట్టిగా చదివాడు. షెడ్డులో మేకు చప్పుడు ఆగింది.

ఆరింటికి ఫారం మూసేశారు. రాత్రి భోజనాలకు ముందు జోగారావు గారు వచ్చిన పధ్నాలుగు దరఖాస్తులనూ అచ్చు తీసి కమిటీకి పంపడానికి సర్దుతున్నారు. ఫారం చివర 'సూచనలు ఏవైనా ఉంటే' అని ఒక గడి ఉంది. దాన్ని ఎవరూ నింపరు. పధ్నాలుగో దానిలో ఏదో రాసి ఉంది. ఆయన కళ్లజోడు పైకి జరిపారు.

"ఇదేమిటే, పరదేశి ఏదో రాశాడు. 'మాటల కింద వేసిన అంచు బాగుందండి. ఏ రంగో నాకు తెలీదు. నాకు ఎరుపు కనపడదు. పరదేశి, వడ్రంగి, సాలూరు.' రంగు కనపడకపోవడమేమిటి? ఇది కమిటీ అందరూ చదువుతారు కదా. ఈ ముక్క కొట్టెయ్యనా?"

మణిమేఖల గారు కంచాలు పెడుతున్నారు. ఒక కంచం చేతిలోనే ఉండిపోయింది.

"ఆయన సంతకం పెట్టి రాసిందాన్ని మీరెలా కొట్టేస్తారు? ఉంచండి."

ఆయన ఉంచారు. కాగితాలు కవరులో పెట్టి అంటించారు. ఆ చీకటి కవరులో పధ్నాలుగు దరఖాస్తుల మధ్య నేను కూడా ఉన్నాను, పాత ప్రింటరు నలుపులో. తెర మీద నన్ను ఎరుపంటారు. కాగితం మీద నల్లగా వచ్చాను. పరదేశి కళ్లకు నేనేమిటో ఆయనకే తెలియాలి. ఏది నిజమో తేల్చుకోవాలని నాకు అనిపించలేదు. నా పైన ఉన్న మాట అంతా చదవడానికి వస్తోంది.